తుడిచేసిన పాట

హోసూరు

నాగవేణక్కకు,

మీ జిరాక్స్ షాపు కంప్యూటర్ బాగైంది. దాన్ని ఆదివారం తెస్తాను. అంతవరకు ఆగలేవని నువ్విచ్చిన ఈ పెన్‌డ్రైవ్ బేరిగై బస్సు కండక్టర్ చేత పంపుతున్నాను.

రిపేరుకు దీన్ని బూటబుల్ చేయాలి, అంటే పాడైన కంప్యూటర్‌ను లేపేలా మార్చాలి, లోపలున్నదంతా పోతుందని చెబితే, "ఏమీ లేదప్పా, తుడిచేయి" అన్నావు. తుడిచేశాక ఫోన్ చేసి, "దాంట్లో అమ్మ రాగులు విసురుతా పాడిన పాట ఉండె కదప్పా" అన్నావు. పోయిన అమ్మ గొంతు మనకు మిగిలింది అదొక్కటే.

ఈ పెన్‌డ్రైవ్‌తోనే కంప్యూటర్‌ను లేపితే, ఆ కంప్యూటర్‌లోనే "అత్తమ్మ" అనే ఫోల్డర్ కనబడింది. అదే పాట! నువ్వు ఆ పాట పెడితే చాలు చెవులు మూసుకునే మా బావే దాచిపెట్టాడు. మళ్లీ దీన్లోకి ఎక్కించాను, విను. బావ చెవులు మూసుకుంటే మాత్రం నవ్వొద్దు.

నీ తమ్ముడు