ఎలీషా అడిగిన లాప్‌టాప్

ఒరే ఎలీషా,

నీ లాప్‌టాప్ మీ బావ చేత పంపుతున్నాను. శ్రీకాకుళంలో కొట్టతను ముందు తళతళలాడేదొకటి చూపించాడు. నువ్విచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టి, విండోస్ బదులు నువ్వు కావాలన్న లినక్స్ నడిపి చూస్తే వైఫై అందలేదు.

"విండోస్ ఉన్నాది కదమ్మా, మళ్ళీ ఇదేటి?" అన్నాడు.

"మా తమ్ముడికి ఇదే కావాల. ఇంకోటి సూపించు బాబూ" అన్నాను.

చివరికి ఒకదాంట్లో వైఫై, సౌండు, కెమెరా అన్నీ పనిచేశాయి. కాస్త బరువే, ఒళ్ళో దిండు వేసుకుని పెట్టుకో.

నా పట్టుదల చూసి మీ బావ ఒకటే నవ్వు. నవ్వనీ. బండి మీద నుంచి పడి కాలు విరిగిన దగ్గర్నుంచి ఎవరితోనూ మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకున్నావు. ఇన్నాళ్ళకు నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. ఇక రోజూ ఏదో ఒకటి అడుగుతూ ఉండరా.

మీ అక్క