రెక్కలున్న చివరి పేజీ

గురువారం, జహ్రా.

నేను పనిచేసే ఇంట్లో మామా అని పిలిచే యజమానురాలి కూతురు నూరా ఇవాళ బొమ్మల పుస్తకం పట్టుకొచ్చింది. పురుగుల బొమ్మలు గీసి పేరు తెచ్చుకున్న ఒకావిడ కథ. నాకు ఇంగ్లీషు రాదు కాబట్టి తనే అరబీలో చెప్పింది.

ఆవిడా చిన్నప్పుడు పట్టుపురుగులు పెంచిందట. మల్బరీ ఆకు బొమ్మ చూడగానే మదనపల్లె దగ్గర మా పురుగుల షెడ్డు, అవి మేస్తుంటే వాన పడుతున్నట్టుండే చప్పుడు, ఆకు కోసి కోసి పసరంటిన అమ్మ వేళ్లు గుర్తొచ్చాయి.

చివరి పేజీలో గూడు చీల్చుకుని తెల్లని సీతాకోకచిలుక బయటికొచ్చింది.

"మీ ఇంట్లో ఎన్ని ఎగిరాయి?" అని అడిగింది నూరా.

చిల్లుపడితే పట్టు రాదని పురుగు లోపలుండగానే గూళ్లన్నీ ఉడకబెట్టేవాళ్లకి అమ్మేసేవాళ్లం.

"అన్నీ ఎగిరిపోయినాయి, ఖలాస్" అన్నాను.

పెళ్లయ్యేదాకా ఆ పురుగుల్ని మేపినదాన్ని. వాటి రెక్కలు ఎలా ఉంటాయో ఇవాళే చూశాను.