టైలరమ్మ వాళ్ళమ్మ బొమ్మ

అమ్మా, నేను క్షేమం. వేళకు తింటున్నాను, బెంగపడకు.

కింది అంతస్తులో కుట్టుపని చేసే ఆవిడ, చనిపోయిన వాళ్ళమ్మ బొమ్మ గీసిపెట్టమంది. ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదట. "ముక్కు నాలాగే, నుదురు మా అక్కలాగా" అని ఆవిడ చెబుతుంటే ఎనిమిదిసార్లు గీశాను. ప్రతిసారీ "మా అమ్మ కాదమ్మా" అంది. చివరికి, "పని చేసేటప్పుడు ఎలా ఉండేవారు?" అని అడిగాను. "తనూ బట్టలు కుట్టేది. గుండుసూదులు పెదాల మధ్య పట్టుకునే మాతో మాట్లాడేది" అంది. ఆమె పెదాలు అలా బిగించినట్టు గీశాను. చూడగానే కుర్చీలోంచి లేచి నిలబడింది. "అమ్మా, ముందా సూదులు తియ్యవే!" అంటూ ఏడుస్తూనే నవ్వింది.

ఆ బొమ్మ ఇప్పుడు ఆవిడ దుకాణంలో ఉంది. అది చూసి మరో ముగ్గురు వచ్చారు. నెలంతా చేతినిండా పనే.

బీరువా మీద నా సన్న కుంచెలున్నాయి, పంపించు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? చెల్లికి ముద్దులు, నాన్నకు నమస్కారాలు. పెద్దమ్మాయి ఏం చేస్తోందని ఎవరైనా అడిగితే, ఆఫీసులో గుమాస్తా అని నాన్నను ఇక చెప్పొద్దను. బొమ్మలు గీసి బతుకుతోందని చెప్పమను, కాస్త గట్టిగానే.

నీ పెద్దపిల్ల