బెంచీ చివరి చోటు

ఏమండీ,

మీరు పోయి నేటికి ఏడాది. జ్ఞాపకార్థ ప్రార్థనకి మన సునీత పూణె నుంచి నర్సీపట్నం వచ్చింది. అందరూ నర్సింగ్ అంటుంటే మీరొక్కరే పట్టుబట్టి ఫిజిక్స్ చదివించారు కదా, ఇప్పుడది బ్లాక్ హోల్స్ మీద పరిశోధన చేస్తోంది. ఎక్స్‌రేల పని అని విని, పక్కింటి రత్నమ్మగారు తన మోకాలి ఫిల్మ్ పట్టుకొచ్చేశారు. "ఓపాలి సూసి సెప్పమ్మా, నడిస్తే ఒకటే పోటు" అన్నారు. మీరుంటే పడీపడీ నవ్వేవారు.

సునీత నవ్వలేదు. కూర్చోబెట్టి చెప్పింది. కొన్ని నక్షత్రాలు జంటగా తిరుగుతాయట. అందులో ఒకటి బ్లాక్ హోల్ అయితే కంటికి కనబడదట. అది రెండోదాని నుంచి లాక్కున్న వాయువు లోపల పడబోయే ముందు బాగా కాగి, ఎక్స్‌రేలు వెదజల్లుతుందట. అవి మన గాలిని దాటి కిందికి రావు కనక ఉపగ్రహంలోంచి చూస్తారట.

"మరి అగుపడనిది ఉన్నాదని ఎలాగ తెలుస్తాదమ్మా?" అన్నారు రత్నమ్మగారు.

"మిగిలినది ఎలా తిరుగుతోందో చూస్తే తెలిసిపోతుంది మామ్మగారూ."

సాయంత్రం చర్చిలో ఆడవాళ్లందరూ గోడవైపు ఫ్యాన్ కింద సర్దుకున్నారు. నేను మధ్యదారి పక్కన, బెంచీ చివరే కూర్చున్నాను. అవతల మగవాళ్ల వైపు బెంచీ చివర మీరుండేవారు. పాట నాకు దొరక్కపోతే మీ పుస్తకం ఇటు తిప్పి, పేజీ చూపించేవారు.

"ఇక్కడికి రా అమ్మా, అక్కడ ఉక్క" అని పిలిచింది సునీత. నేను కదల్లేదు. అది అవతలి బెంచీ వైపు ఒకసారి చూసింది. మరి పిలవలేదు.

పాట మొదలైంది. నాకు పేజీ దొరకలేదు.