సరిహద్దు రోడ్డుకు ఈ పక్క

డార్లా పిన్ని ఇల్లు,
సరిహద్దు రోడ్డు, ఒక్లహోమా వైపు.
జనవరి, ఆదివారం.

చిరంజీవి కోడీకి,

అమ్మ దీవెనలు. ఇక్కడ మేమంతా క్షేమం అని రాసి, ఆ మాట వంకే చూస్తూ కాసేపు కూర్చున్నాను. కొట్టేయడం ఎందుకులే, ఉండనీ. నువ్వు వేళకు తింటున్నావని, ఎవరి జోలికీ పోవడం లేదని తలుస్తున్నాను. ఈ ఉత్తరాన్ని నీకంటే ముందు విప్పి చదివే జైలు ఆయన కూడా చల్లగా ఉండాలి.

పైన అడ్రసు చూసి కంగారుపడకు, అక్కడికే వస్తున్నాను. ముందు నువ్వడిగినవి. మన ముసలి కుక్క పోకీకి చెవులు పూర్తిగా పోయాయి, కానీ ఫ్రిజ్ తలుపు తీస్తే మాత్రం ఎక్కడున్నా వినబడుతుంది. మొన్న మంచు పడిన రోజు మాంసం, చిక్కుళ్ళు వేసి కారంగా చిల్లీ కూర వండి, పక్కన దాల్చినచెక్క తీపి రొట్టెలు పెట్టాను. "తీపీ కారం కలిపి తినే మనుషుల్ని కాన్సాస్‌లోనే చూశాను" అని డార్లా వెక్కిరించింది. తనూ అక్కడే పుట్టి పెరిగిందని మరిచిపోయింది. నీ చొక్కాలన్నీ ఉతికి పెట్టెలో పెట్టాను.

నాన్నకు ఆ గంజాయి మందు దొరికిందా అని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్నావు. దొరికింది. మూటగట్టి దొంగచాటుగా తెచ్చింది కాదు, కార్డు చూపించి దర్జాగా కొన్నది.

క్యాన్సర్ వెన్నులోకి దిగాక మీ నాన్న మంచం మీద పక్కకు తిరగాలన్నా విలవిలలాడిపోయేవాడు. ఆసుపత్రి మాత్రలు వేస్తే కడుపులో ఏదీ నిలవదు, మనుషుల్ని పోల్చుకోలేడు. ఒకరోజు నన్ను వాళ్ళమ్మ అనుకుని, స్కూలుకు పోనని ఏడ్చాడు. నలభై ఏళ్ళు చమురు బావుల దగ్గర పనిచేసి, వేలు తెగినా కిక్కురుమనని మనిషి. అలా ఏడుస్తుంటే నేను చూడలేకపోయాను.

ఆ మందు కాన్సాస్‌లో నేరం, ఒక్లహోమాలో కార్డు ఉంటే కొనుక్కోవచ్చు, కానీ ఆ కార్డు ఇక్కడ ఉండేవాళ్ళకే ఇస్తారు. డార్లా అడ్రసు మీద తీసుకుని, మందు మనింటికి తెచ్చుకుంటే సరిపోతుంది కదా అని మొదట అనుకున్నాను. తర్వాత నువ్వే గుర్తొచ్చావు. నాన్న కోసం ఈ రోడ్డు దాటించి తెచ్చావనేగా నిన్ను పట్టుకున్నారు, పాత కేసు కలిపి లోపల వేశారు. అదే పని మళ్ళీ నేను చేయలేను. అందుకే ఇల్లు ఖాళీ చేసి, రెండు మైళ్ళు దక్షిణానికి వచ్చేశాం.

కాన్సాస్ డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చేసి ఒక్లహోమాది తీసుకోవడానికి వెళ్ళినప్పుడు చూడాలి మీ నాన్నను! అక్కడి అమ్మాయి "పాతది ఇటు ఇవ్వండి తాతా" అంటుంటే, ఆ లైసెన్సు ముక్కను గట్టిగా పట్టుకుని వదలడు.

"చచ్చేదాకా కాన్సాస్ వాడిగానే ఉందామనుకున్నానమ్మా" అన్నాడు.

"దానికేముంది బావా, ఇంకో నెల ఆగితే అదే తీరిపోయేది" అంది డార్లా.

నేను డార్లా చెయ్యి గిల్లాను. మీ నాన్న మాత్రం పకపకా నవ్వి, నవ్వితే నొప్పెట్టి, లైసెన్సు వదిలేశాడు. దారంతా డార్లా "ఏం ఓకీ, ఎలా ఉంది?" అని ఏడిపిస్తూనే ఉంది. ఓకీలని ఈ ఒక్లహోమా వాళ్ళను జన్మంతా ఆడిపోసుకున్నందుకు ఆ మాత్రం పడాల్సిందే.

డాక్టరు నాలుగు ప్రశ్నలడిగి సంతకం పెట్టాడు. కార్డు మీదకని, వంటింటి తలుపుకు ఆనించి నిలబెట్టి డార్లా ఫోటో తీసింది. టోపీ తీస్తే నుదురు తెల్లగా, కింద ముఖం నల్లగా, వేరే ఎవరో ముసలాయనలా ఉన్నాడు. పాత పెట్రోలు బంకులోనే మందుల కొట్టు. ముక్కుపుడక పిల్ల "ఏం కావాలి బంగారం?" అనేసరికి మీ నాన్న సిగ్గుపడి నా వెనక్కి నక్కాడు. మందు కలిపిన జెల్లీ ముక్కలేవో ఇచ్చింది. ఒకటి నమిలి తెల్లారేదాకా నిద్రపోయాడు. పొద్దున మెత్తటి బిస్కెట్ రొట్టెల మీద గ్రేవీ రెండుసార్లు వేయించుకున్నాడు. నువ్వు తేబోయింది ఇదే కదా అని, పొయ్యి దగ్గర నిలబడి ఏడ్చాను.

ఇక అసలు సంగతి. ఫోన్‌లో చెప్పలేను, నువ్వు చేసినప్పుడల్లా ఆయన పక్కనే కూర్చుని వింటాడు. మార్చిలో నిన్ను పెరోల్ మీద వదిలినప్పుడు నువ్వు మా దగ్గరికి రాలేవు నాన్నా. నువ్వు ఉండబోయేదని రాసిచ్చిన ఇల్లు ఇప్పుడు మనది కాదు. నిన్ను అటు కాన్సాస్‌లోనే, విచిటాలో విడుదలైన వాళ్ళ హాస్టల్లో పెడతారు, రాష్ట్రం దాటనివ్వరు. మందుతో ఆయన అటు రాకూడదు, నువ్వు ఇటు రాకూడదు. నిన్ను ఈ రాష్ట్రానికి మార్చమని అర్జీ పెట్టాను. నెలలు పడుతుందన్నారు. ఇక్కడి డాక్టరు నెలల మాట ఎత్తడమే లేదు.

ఇవన్నీ నాకు ఇల్లు ఖాళీ చేయకముందే తెలుసు కోడీ. నీ పెరోల్ ఆఫీసరు ఇంటికొచ్చి వివరంగా చెప్పి వెళ్ళాడు. తెలిసే వచ్చాను. నీకు ముందు బతుకుంది, ఆయనకు లేదు అనుకున్నాను. తప్పో ఒప్పో నాకు తెలియదు. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు, పడతాను.

మీ నాన్నకు ఇదేమీ తెలియదు. నువ్వు ఇక్కడికే వస్తావని వెనక గదిలో మంచం వేయించాడు. తెలిస్తే ఆ కార్డు చించి పొయ్యిలో పడేసి, ఉన్నపళంగా ఇంటికి పద అంటాడు. అందుకే ఆయన "మార్చిలోనే కదరా?" అని అడిగితే, అవుననే చెప్పు. నాకోసం ఈ ఒక్క అబద్ధం ఆడు.

ఆయనేదో చీటీ రాసి, మడిచి, పైన టేపు అంటించి ఇచ్చాడు. "మగాళ్ళ మాటలు, నువ్వు చూడకు" అన్నాడు. చూడలేదు, అలాగే లోపల పెడుతున్నాను.

దుప్పటి సరిగ్గా కప్పుకో.

ఇట్లు,
నిన్ను కన్న
అమ్మ, లొరీనా.

కోడీ,

మీ అమ్మ డార్లా ఇంటికి సామాన్లు చేరేస్తున్న రోజు నీ పెరోల్ ఆఫీసరు ఫోన్ చేశాడు. నేనే ఎత్తాను. ఇల్లు వదిలితే నిన్ను విచిటా పంపుతారని, నువ్వు రోడ్డు దాటి రాలేవని అతనే చెప్పాడు. వెళ్ళొద్దులే అని నేను ఒక్కమాటంటే మీ అమ్మ ఆగిపోయేది. అనలేదు. ఆ పూట నొప్పిలో నాకు నువ్వు గుర్తు రాలేదు రా.

మీ అమ్మ నాకేమీ తెలియదనుకుంటోంది. అలాగే అనుకోనీ. మార్చిలోనే కదరా అని ఫోన్‌లో అడుగుతాను. అవును నాన్నా అను. తను పక్కనే ఉండి వింటుంది.

నాన్న, వెర్లిన్.