అక్క అసలు వయసు

ఫిబ్రవరి 11

జనాభా లెక్కల ఆవిడ ఇవాళ కొండమీద అక్క వాళ్ళింటికి వెళ్ళింది. అక్క ఫోన్ చేసి, నీ మాట విని పరువు తీసుకున్నానే అంది. పుట్టి బుద్ధెరిగి మొదటిసారి అసలు వయసు చెప్పిందట. డెబ్బై ఒకటి. బావ పోయేదాకా ఆయనకి కూడా తెలియనివ్వలేదు మహాతల్లి!

చెప్పమని బతిమాలింది నేనే. మా ప్లానింగ్ ఆఫీసులో ఆ కొండకి మినీబస్ వేసే ఫైలు ఆగి ఉంది. ఒక బ్లాకులో, అంటే ఓ వంద ఇళ్ళలో, సగం మంది అరవై దాటినవాళ్ళని కొత్త లెక్కలు చూపిస్తే చాలు, రూలు ప్రకారం బస్ వేయాల్సిందే. అక్కది అలాంటి బ్లాకే.

అక్క మా ఇంటి గడప తొక్కక మూడేళ్ళయింది. మోకాళ్ళ నొప్పులు, కొండ దిగలేదు. తిరుగు బేరం దొరకదని టాక్సీవాళ్ళు ఆ కొండ పేరెత్తితేనే ఫోన్ పెట్టేస్తారు. ఆదివారాలు నేనే వెళ్తాను. కానీ అది వేరు. నాకు అక్క నా వంటింట్లో కావాలి. డబ్బాలన్నీ తన ఇష్టమొచ్చినట్టు సర్దేసి, నీకు సంసారం చేతకాదే అని తిట్టాలి.

ఫిబ్రవరి 12

కిటికీ పక్క కుర్చీకి కొత్త దిండు కొన్నాను. ఆలూ లేదు చూలూ లేదు, నా తొందర నాది.

జులై 22

సర్కులర్ వచ్చింది. ఈసారి లెక్కలు వార్డు వరకే ఇస్తారట. బ్లాకుల టేబుల్స్ ఉండవట. ప్రైవసీ అట, ఖర్చు అట. అంత చిన్న వీధుల లెక్కలు ఎవరు చూస్తారని పైవాళ్ళు అన్నారట. నేను చూస్తాను! నా ఉద్యోగమే అది.

జులై 23, మధ్యాహ్నం

వార్డు లెక్క తీశాను. కొండ కింద కాలేజీ హాస్టళ్ళు కూడా అదే వార్డు. సగటు వయసు ఇరవై తొమ్మిది. కొండమీది ముసలివాళ్ళు అందులో ఉప్పులా కరిగిపోయారు.

బాస్ దగ్గరికి పరిగెత్తాను. పాత బ్లాకు లెక్కలు ఉన్నాయి కదా అంటే, పదేళ్ళ నాటివి చెల్లవన్నాడు. నేనే ఇల్లిల్లూ తిరిగి రాసుకొస్తానంటే, అది అఫీషియల్ కాదన్నాడు. మా అక్క అక్కడే ఉంది సార్ అనేశాను. నోరు జారింది. అక్కయ్యని డేటా కింద చూపించలేం కదమ్మా అన్నాడు. మంచివాడే. తిట్టుకోవడానికి కూడా లేదు.

ఆగస్టు 14

మినీబస్ ఫైలు మూసేశారు. యువత ఎక్కువున్న వార్డు కాబట్టి సైకిల్ ట్రాక్ శాంక్షన్ చేశారు. రిపోర్ట్ టైప్ చేసింది నేనే. ఒళ్ళు మండిపోయింది.

ఆగస్టు 17, ఆదివారం

వెళ్ళాను. చెప్పలేకపోయాను. బస్సెక్కడానికని అక్క పక్కింటావిడ చేత కొత్త చెప్పులు తెప్పించుకుంది. కరుస్తాయేమోనని ఇంట్లోనే వేసుకుని అటూ ఇటూ నడుస్తోంది.

ఆగస్టు 19

ఫోన్లో చెప్పేశాను.  అక్క, ఇంతకీ మా వార్డులో నా వయసు ఎంతని తేల్చారే అని అడిగింది. ఇరవై తొమ్మిది అన్నాను. పడీ పడీ నవ్వింది.

నవ్వాగాక, ఇరవై తొమ్మిదే అయితే ఈపాటికి నడుచుకుంటూ నీ ఇంటికి వచ్చేసేదాన్ని కదే అంది.