పొడి సబ్బు

జూన్ 3, సోమవారం

నేను కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకమట. పొద్దున్నే నాన్న తీర్పు. రెండు ఉద్యోగాలు మానేసి ఇంట్లో కూర్చున్నదానికి ఎదుటివాళ్ళ పనిలో తప్పులు పట్టడం తప్ప ఇంకేం పని ఉంటుంది అన్నాడు. అమ్మ దుప్పటి మడుస్తూ ఔననలేదు, కాదనలేదు. అమ్మ మౌనం ఎప్పుడూ నాన్న పార్టీయే.

నేనన్నది ఒక్క మాట. నానమ్మ బాత్రూంలో సబ్బు అరగడం లేదు.

జూన్ 4, ఉదయం 10

నానమ్మ తుంటి ఎముక విరిగి మూడు నెలలు. ఆపరేషన్ అయింది. పట్టుకుంటే నిలబడుతుంది, అడుగు వేయలేదు. తొమ్మిది వారాలుగా హోం కేర్ ఏజెన్సీ నుంచి ఒకావిడ వస్తోంది, ఎనిమిది నుంచి ఆరు వరకు. మాటకు ముందోసారి, వెనకోసారి ‘నా డ్యూటీ’ అంటుంది. అందుకే ఆవిడ మాకు డ్యూటీ అక్క.

అక్క రోజూ ఒక షీట్ నింపుతుంది. మందులు, బీపీ, స్నానం, పక్కకు తిప్పడం. అన్నిటికీ టిక్కులే, ఒకే సైజులో. వారానికోసారి ఇంటివాళ్ళు సంతకం పెట్టాలి. ఇంటివాళ్ళంటే, ఖాళీగా ఉన్న నేను.

పాత సబ్బు ఎండి పగిలిందని రెండు వారాల కింద కొత్తది పెట్టాను. దాని మీద అచ్చేసిన పేరు ఇంకా చెక్కుచెదరలేదు.

జూన్ 4, మధ్యాహ్నం

చిన్నప్పుడు నాకు స్నానం చేయించింది నానమ్మే. బట్టలు కుట్టేది. కత్తెర పట్టి పట్టి అరచేతులు కాయలు కాసిపోయాయి, వేడి తెలిసేది కాదు. అందుకని మోచెయ్యి ముంచి చూసేది. అరచెయ్యి అబద్ధమాడుతుందే, మోచెయ్యి ఆడదు అనేది. ఇదే ఆఖరి చెంబు అని చెప్పి మూడు చెంబులు పోసేది. నేను కళ్ళు మూసుకుని, ముక్కు పట్టుకుని, ప్రతిసారీ నమ్మేదాన్ని. తల తుడిచాక మెషీన్ పక్కన స్టూల్ మీద కూర్చోబెట్టేది. తడి జుట్టు, మెషీన్ నూనె వాసన, టకటకమని ఆ చప్పుడు. నా చెవుల వెనక ఆవిడ తోమినంత శ్రద్ధగా ఆ తర్వాత నన్నెవరూ పట్టించుకోలేదు.

ఇప్పుడు ఆవిడ గదంతా పౌడరు వాసన. మరీ ఎక్కువ పౌడరు.

జూన్ 5

సబ్బు పొడి. టవల్ పొడి. షీట్‌లో టిక్కు.

జూన్ 6, గురువారం

జడ వేస్తానని పక్కకు తిప్పాను. నడుం కింద, ఎముక దగ్గర, కోటు బొత్తామంత ఎర్ర మచ్చ. చీమ కుట్టిందే అంది నానమ్మ. ఏ చీమ అయినా ఇంత గుండ్రంగా కుడుతుందా అన్నాను. హాస్పిటల్ నర్సు అప్పట్లో చెప్పింది, వేలితో నొక్కితే తెల్లబడాలని. నొక్కాను. తెల్లబడలేదు.

నర్సుకు ఫోన్ చేశాను. పుండు మొదలవుతోంది, ఆ వైపు బరువు పడనివ్వొద్దు, రెండు గంటలకోసారి తిప్పండి, ఒళ్ళు శుభ్రంగా ఉంచండి అంది. ఇవన్నీ షీట్‌లో రోజూ జరుగుతూనే ఉన్నాయి.

నాన్నకు చెప్తే, మంచం పట్టిన మనిషికి ఆమాత్రం ఎర్రబడదా అన్నాడు. అన్నయ్య ఫోన్‌లో నవ్వి, డిటెక్టివ్ గారికి నమస్కారం అన్నాడు.

జూన్ 7

డ్యూటీ అక్కనే అడిగేశాను. ఆవిడ తలుపు దగ్గరగా వేసి చెప్పింది.

రెండో వారంలో బాత్రూం గడప మెట్టు దగ్గర నానమ్మ కాలు జారిందట. ఇద్దరూ కలిసి గోడకి కొట్టుకున్నారట. బకెట్ అడ్డం రాకపోతే ఈపాటికి మీ నానమ్మ గోడ మీద ఫోటోలో, నేను స్టేషన్లో ఉండేవాళ్ళం అంది. ఇలాంటి పేషెంటుకు స్నానం ఇద్దరు చేయించాలని ట్రైనింగ్‌లో నేర్పింది ఏజెన్సీయే. రెండో మనిషిని పంపమని అడిగితే, సర్దుకోమ్మా, అందరూ సర్దుకోవడం లేదా అన్నారట. షీట్‌లో స్నానం గడి ఖాళీగా వదిలితే మనిషిని మార్చేస్తామన్నారట. అందుకని తడిగుడ్డ, పౌడరు, టిక్కు. పక్కకు తిప్పబోతే నొప్పని నానమ్మ ఒప్పుకోదట, దానికీ టిక్కే.

మా వాళ్ళు పట్టుకుంటారని భయం వేయలేదా అన్నాను. నా మొహం చూడకుండా చెప్పింది. టిక్కులు పెట్టమన్నది మీ నానమ్మేనమ్మా. రాసెయ్యి, మా మనవరాలు చదవదు, సంతకం పెడుతుంది అందట.

ఈ ఇంట్లో నన్ను సరిగ్గా చదివింది నానమ్మ ఒక్కతే.

జూన్ 8

ఎందుకలా చేశావని నానమ్మను అడిగాను. కొత్త మనిషి వస్తే మళ్ళీ మొదటినుంచి సిగ్గు చంపుకోవాలే, ఈ చెయ్యి అలవాటైంది అంది. గోడవైపు తిరిగింది. అటు తిరిగే, కుళాయిలో ఇంకా మొదట చన్నీళ్ళు వచ్చి తర్వాత వేడివి వస్తున్నాయా అని అడిగింది.

వస్తున్నాయన్నాను.

నెత్తిన నీళ్ళు పడి ఎన్నాళ్ళయిందో అంది.

జూన్ 10, సోమవారం

బాత్రూంలో రబ్బరు మ్యాట్ పరిచాను. చేతుల కుర్చీ వేశాను. మెట్టు దగ్గర అటు అక్క, ఇటు నేను. చంకల కింద పట్టుకోకమ్మా, భుజం ఊడుతుంది, నడుముకు బెల్టు కట్టి బెల్టు పట్టుకో అని నేర్పింది. మూడేళ్ళ కాలేజీలో ఇంత పనికొచ్చే ముక్క ఒక్కటీ చెప్పలేదు.

మోచెయ్యి ముంచాను. నానమ్మ చూసింది. ఇదే ఆఖరి మగ్గు అన్నాను. కళ్ళు మూసుకుని ముక్కు పట్టుకుంది. మూడు పోశాను. నాలుగోది తనే అడిగింది.

సబ్బు మీద పేరు అరిగింది.

సాయంత్రం నాన్న, పని జరిగిపోయిందిగా, పాతవి తవ్వకు, ఆవిడ పొట్ట కొట్టకు అన్నాడు. అక్క కూడా పాత షీట్లు వదిలెయ్యమంది. నానమ్మ అయితే, ఆ అమ్మాయి పోతే నీ చేత్తో నీళ్ళు కూడా తాగను అంది.

కానీ రేపు ఇంకో ఇంట్లో, ఇంకో మెట్టు దగ్గర, అడ్డం బకెట్ ఉండకపోవచ్చు.

జూన్ 11

తొమ్మిది సంతకాల్లో, కాలు జారిన తర్వాతి ఏడూ కొట్టేశాను. పక్కన రాశాను: స్నానం జరగలేదు. ఇద్దరి పనికి ఒక్కరిని పంపారు. అడిగినా పంపలేదు. చదవకుండా సంతకం పెట్టింది నేను. ఈ మనిషిని మారిస్తే ఒప్పుకోం, రెండో మనిషిని పంపండి.

నానమ్మ నాతో మాట్లాడటం లేదు.

షీట్లు ఏజెన్సీకి పంపాను.